రైతు లెక్క వినకుండా మట్టి పాఠాలా?

ఏటా డిసెంబర్ 5న ప్రపంచ మృత్తికా దినోత్సవం వస్తుంది. రైతువేదికకు బ్యానర్ కడతారు, కుర్చీలు వేస్తారు. నేల తల్లి లాంటిదని, రసాయనాలు తగ్గించాలని, పెంట ఎరువు వేయాలని, భూసార పరీక్ష చేయించుకోవాలని సార్లు చెబుతారు. రైతులు తలలూపి, చాయ్ తాగి ఇంటికి పోతారు. వానలు పడగానే మళ్లీ యూరియా బస్తా కోసం సొసైటీ ముందు లైన్ కడతారు. దీన్ని చూసి పైన కూర్చున్నవాళ్లు ఒక తీర్పు ఇచ్చేస్తారు: ఎంత చెప్పినా మన రైతులు మారరు, వాళ్లకు చదువు లేదు, తెలివి లేదు.

ఈ తీర్పును మేం ఒప్పుకోం. రైతు పాఠం విననందుకు మన నేలలు పాడు కాలేదు. పాఠం చెప్పేవాళ్లు రైతు లెక్క విననందుకు పాడవుతున్నాయి. పొలంలో ఏం వెయ్యాలో తేల్చుకునే ముందు రైతు ఒక లెక్క వేసుకుంటాడు. ఆ లెక్కలో అప్పు ఉంటుంది, మిత్తి ఉంటుంది, కైకిలి ఉంటుంది, వాన ఉంటుంది, వచ్చే ఏడు ఈ భూమి తన చేతిలో ఉంటుందా లేదా అన్న భయం ఉంటుంది. ఆ లెక్క మారకుండా రైతు మారడు. మారాల్సిన అవసరం కూడా అతనికి కనిపించదు.

మట్టి తెలియనిది ఎవరికి?

మన రైతుకు మట్టి తెలియదా? చెలక, దుబ్బ, రేగడి, చౌడు, గరుసు అని నేలకు ఇన్ని పేర్లు పెట్టింది ఎవరు? ఏ నేలలో ఏ కార్తెలో ఏ విత్తనం పడాలో తెలిసింది ఎవరికి? జొన్నలో కందిసాలు వేసి, నేలకు బలం ఇంట్లోకి పప్పు రెండూ తెచ్చుకున్నది మన తాతలే. ఎండాకాలం చెరువు ఎండగానే బండ్లు కట్టి పూడిక మట్టి తోలుకున్నది వాళ్లే. గొర్ల మందను రాత్రిపూట చేనులో పండబెట్టించుకుని, కాపరికి గింజలు కొలిచి ఇచ్చింది కూడా వాళ్లే. ఇవన్నీ ఏ యూనివర్సిటీ నేర్పితే వచ్చినవి కావు.

మరి ఎందుకు పోయాయి? మరిచిపోతే పోలేదు. ఒక్కొక్కదాని కాళ్ల కింది నేల కదిలితే పోయాయి. దుక్కికి ట్రాక్టర్ వచ్చింది, ఎద్దులు పోయాయి. ఎద్దులు పోయినాక ఇంటి ముందు పెంటకుప్ప పోయింది. కంచెలు, పోరంబోకులు ప్లాట్లయ్యాయి, మందలు తిరిగే జాగ పోయింది. చెరువులను పట్టించుకునే దిక్కు లేక దశాబ్దాలు పూడిపోయాయి. బోరు పడ్డవాడు వరి వేశాడు, బోరు లేనివాడు పత్తి వేశాడు. ఇందులో ఏ ఒక్కటీ రైతు అజ్ఞానం వల్ల జరగలేదు. ప్రతి అడుగు దగ్గరా అతను లెక్క వేసుకునే కదిలాడు.

పాలమూరు ఊర్లలో ఒక పరీక్ష

రైతు ధైర్యం చేయడు, కొత్తది ముట్టుకోడు అనేవాళ్లకు మన గడ్డ మీదే జరిగిన ఒక పరీక్ష గుర్తు చేయాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు ఊర్లను, మహారాష్ట్రలోని నాలుగు ఊర్లను ఎంచుకుని ఇంటింటి లెక్కలు ఏళ్ల తరబడి రాసింది. అదే కాలంలో హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త పల్లె రైతులతో నిజం పైసలు పెట్టి ఒక పందెం ఆడించాడు. బొమ్మ పడ్డా బొరుసు పడ్డా ఒకే మొత్తం చేతికొచ్చే పందెం ఒకటి. ఒకవైపు పడితే చాలా ఎక్కువ, రెండోవైపు పడితే ఏమీ రాని పందెం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య మరికొన్ని. ఏది కావాలో రైతే ఎంచుకోవాలి. చిన్న మొత్తాలతో మొదలుపెట్టి, చివరికి ఒక కూలీ నెల సంపాదన కంటే ఎక్కువ మొత్తాలు పందెంలో పెట్టారు.

1980లో ఫలితాలు అచ్చయ్యాయి. పందెం పెద్దదయ్యేసరికి ఇంచుమించు అందరూ ఒకే తీరుగా ఆడారు. మరీ పిరికిగా కాదు, మరీ తెగించి కాదు, మధ్యస్థంగా జాగ్రత్త పడ్డారు. ఉన్నోడు ధైర్యవంతుడు, లేనోడు పిరికివాడు అన్న తేడా లెక్కలోకి వచ్చేంతగా కనిపించలేదు.

దీని అర్థం ఏమిటి? పెద్ద రైతు కొత్త పద్ధతి పెట్టి చిన్న రైతు పెట్టకపోతే, తేడా వాళ్ల మనసులో లేదు. అప్పు ఎవరికి పుడుతుంది, సరుకు ఎవరికి అందుతుంది, పంట పోతే ఎవరు తట్టుకుంటారు అనే దగ్గర ఉంది. నలభై ఐదేళ్ల కిందే మన ఊరి రైతులు తేల్చి చెప్పిన మాట ఇది. ఇప్పటికీ మన సభల్లో మాత్రం అవగాహన లేదు అన్న ఒక్క ముక్కే వినిపిస్తుంది.

బస్తా లెక్క, బండి లెక్క

యూరియా లెక్క చూద్దాం. 45 కిలోల బస్తా రైతుకు దొరికే ధర 266 రూపాయల 50 పైసలు. అందులో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోలకు పైగా. కిలో నత్రజని 13 రూపాయలకే వస్తోందన్నమాట. అదే నత్రజని పశువుల పెంటతో రావాలంటే? మామూలు పెంటలో నత్రజని అర శాతం దరిదాపు ఉంటుంది. ఒక్క బస్తా యూరియాకు బదులు సుమారు 4 టన్నుల పెంట కావాలి. దాన్ని కొనాలి, ఎత్తాలి, ట్రాక్టర్‌లో తోలాలి, చేనంతా చల్లాలి. ఎత్తడానికి, చల్లడానికి కైకిలోళ్లు కావాలి. అదంతా విత్తనాల ఖర్చు నెత్తిమీద ఉన్న రోహిణి కార్తెలోనే కావాలి. యూరియా బస్తా అయితే మోపెడ్ మీద వస్తుంది, ఒక్క మనిషి పొద్దుటి పూట చల్లేస్తాడు, వారం తిరిగేసరికి చేను పచ్చబడుతుంది.

పెంటలో బస్తాలో లేని గుణం ఉంది. అది నేలలో సేంద్రియ కర్బనాన్ని పెంచుతుంది, తేమ పట్టి ఉంచుతుంది, నేలను గుల్ల చేస్తుంది. సేంద్రియ కర్బనం అర శాతం కన్నా తక్కువ ఉంటే నేల పేదదని లెక్క. కానీ ఆ లాభం ఒక్క యాసంగిలో కంటికి కనబడదు, మెల్లగా ఏళ్ల మీద వస్తుంది. సేటు మిత్తి ఏళ్ల మీద ఆగుతుందా? పంట చేతికి రాగానే బాకీ కట్టాల్సిన రైతు, మూడేళ్లకు వచ్చే లాభం కోసం ఈ ఏడు ఖర్చు పెట్టాలంటే ఎట్లా పెడతాడు?

ఇక ఈ ధరలు నిర్ణయించింది ఎవరు? 2010 ఏప్రిల్ నుంచి కేంద్రం పోషకాల ఆధారంగా ఎరువుల సబ్సిడీ విధానం తెచ్చింది. యూరియాను మాత్రం అందులోకి తేకుండా పాత పద్ధతిలోనే ఉంచింది. ఫలితంగా యూరియా అగ్గువ, మిగతావి పిరం. 50 కిలోల డీఏపీ బస్తా 1,350 రూపాయల దగ్గర నిలిచింది. ఒకటి అగ్గువ, ఒకటి పిరం చేసి, ఆ పైన సమతుల్యంగా వాడండి అని రైతుకు చెబితే ఎట్లా కుదురుతుంది? దుకాణంలో ధరే అసలు పాఠం. 2025 వానాకాలంలో ఆ యూరియా కూడా సరిగా అందక, మన రైతులు చెప్పులను వరుసలో పెట్టి రాత్రింబవళ్లు కావలి కాశారు. అప్పుడు కూడా తప్పు ఎక్కువ వాడిన రైతుదే అన్నవాళ్లు ఉన్నారు.

భూమి ఎవరిది, మట్టి ఎవరిది?

అన్నిటికన్నా పెద్ద ముడి కౌలు దగ్గర ఉంది. మన ఊర్లలో ఎవుసం చేసేవాళ్లలో చాలామందికి ఆ భూమి మీద కాగితం లేదు. నోటిమాట మీద ఏడాదికి గుత్త కట్టి దున్నుతారు. పట్టాదారు కౌలు రాసివ్వడు. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చినప్పటి నుంచి, రాసిస్తే భూమి చేజారుతుందన్న భయం పట్టాదార్లను వదల్లేదు. అందుకే ఏటేటా కౌలుదారును మార్చేవాళ్లు కూడా ఉన్నారు.

ఇప్పుడు ఆ కౌలుదారు దగ్గరికి పోయి చెరువు మట్టి తోలుకో, పెంట వెయ్యి అని చెప్పండి. చెరువు మట్టి సత్తువ కొన్నేళ్లు ఉంటుంది. ఈ ఏడు అతను తోలితే, నేల బాగుపడ్డదని చూసి వచ్చే ఏడు పట్టాదారు గుత్త పెంచుతాడు, లేదంటే ఇంకొకరికి ఇస్తాడు. తన అప్పుతో ఇంకొకరి నేలను బాగుచేసి, అందుకు తానే ఎక్కువ గుత్త కట్టే పిచ్చి పని ఎవరు చేస్తారు? కౌలుదారు నేలను పిండుకుంటాడని నిందించే ముందు, పిండుకోక తప్పని స్థితిలోకి అతన్ని నెట్టింది ఎవరో చెప్పాలి.

2011లో అప్పటి రాష్ట్రం సాగుదారుల చట్టం తెచ్చి కౌలుదార్లకు రుణ అర్హత కార్డులు ఇస్తామన్నది. కొద్దిమందికే అందాయి. 2018 మే నెలలో హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు పట్టా పాసుపుస్తకం వెంటే నడిచింది. 2025 జనవరిలో రైతుభరోసాగా పేరు మారి, ఎకరాకు ఏడాదికి 12 వేలన్నప్పుడు కూడా పైసలు పట్టాదారు ఖాతాకే పోయాయి. పెట్టుబడి సాయం పేరుతో సర్కారు ఇచ్చిన సొమ్ము, నేలకు పెట్టుబడి పెట్టే మనిషి చేతికి రాలేదు. పట్నంలో ఉండే పట్టాదారుకు ఆ పైసలు అందుతాయి, ఊర్లో దున్నేవాడు ఎరువుల దుకాణంలో ఉద్దెర రాయించుకుంటాడు. ఉద్దెర ఇచ్చే దుకాణదారే ఏ మందు కొట్టాలో, ఏ బస్తా వెయ్యాలో చెబుతాడు. అతని మాట కాదంటే వచ్చే పంటకు ఉద్దెర పుట్టదు. అట్లాంటి రైతుకు ఏఈవో సలహా పెద్దదా, సేటు సలహా పెద్దదా?

కార్డు వచ్చింది, కబురు రాలేదు

2015 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రధాని భూసార కార్డుల పథకం మొదలుపెట్టారు. ఒక కార్డులో 12 అంశాలు. ఉద్దేశం మంచిదే. కానీ నమూనా తీసే తీరు చూడండి. నీళ్లున్న చోట రెండున్నర హెక్టార్లకు ఒకటి, వాన మీద ఆధారపడ్డ చోట 10 హెక్టార్లకు ఒకటి. 2015-16 లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో సగటు కమతం ఒక్క హెక్టారు. అంటే వర్షాధార చెలకల్లో పది కుటుంబాల భూమికి ఒకే నమూనా. గెట్టు దాటితే మట్టి మారే మన ఊర్లలో, పక్కోని చేను మట్టి ఫలితాన్ని తన పేరు మీద రాసిస్తే రైతు ఎందుకు నమ్ముతాడు?

నమ్మినా ఏం చేస్తాడు? జింకు తక్కువ, బోరాన్ తక్కువ అని కార్డు చెబుతుంది. అవి సొసైటీలో ఆ రోజు ఉండాలి కదా. కార్డులోని అంకెలను చేను గట్టు మీద నిలబడి విడమరిచి చెప్పే మనిషి ఉండాలి కదా. సుమారు 5 వేల ఎకరాలకు ఒక ఏఈవోను పెట్టి, ఆయన చేతికి పంట నమోదు నుంచి బీమా కాగితాల దాకా అన్ని పనులూ అప్పజెప్పాం. ఇక మట్టి మాట మాట్లాడే తీరిక ఆయనకు ఎక్కడిది?

లెక్క కుదిరినచోట ఏం జరిగింది?

రైతు మారడన్న మాట అబద్ధమని చెప్పడానికి మన చెరువులే సాక్ష్యం. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు, కుంటలను దశలవారీగా బాగుచేయాలన్నది లక్ష్యం. పూడిక తవ్వి ఎత్తే ఖర్చు సర్కారుది, చేనుకు తోలుకునే ఖర్చు రైతుది. ఎవరూ ప్రత్యేకంగా మట్టి పాఠం చెప్పలేదు. అయినా రైతులు ట్రాక్టర్లు వరుస కట్టి, సొంత పైసలతో ఎకరాకు పదుల ట్రిప్పులు తోలుకున్నారు. మారరన్న రైతులే వీళ్లు. ఖర్చులో సగం భారం ఇంకొకరు మోసేసరికి, మట్టి ఊర్లోనే దొరికేసరికి, దాని గుణం తరతరాలుగా తెలిసిందే అయ్యేసరికి లెక్క కుదిరింది. మేం చూసిన ఊర్లలో వెనుకబడ్డది ఎవరు? కిరాయి పెట్టుకోలేని చిన్న రైతులు, వచ్చే ఏటి మీద భరోసా లేని కౌలుదార్లు. అక్కడ అడ్డం పడ్డది తెలివి కాదు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇంకో దారి చూపాయి. బీడు పడ్డ భూములను మళ్లీ సాగులోకి తేవడానికి పేద దళిత మహిళలకు దుక్కికి, పెంటకు అప్పు ఇప్పించి, తిరిగి పైసల రూపంలో కాక గింజల రూపంలో కట్టించుకున్నారు. ఆ గింజలు ఊర్లోనే నిల్వ ఉండి, పేద ఇండ్లకే అందాయి. అప్పు తీర్చే తీరు పంట తీరుతో కలిసినప్పుడు, ఒకే చేనులో పది, ఇరవై రకాల పంటలు కలిపి వేసే పాత పద్ధతి బతికింది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. అక్కడ నిర్ణయం తీసుకున్నది ఆడవాళ్లు. పెంట ఎత్తేది, కలుపు తీసేది, విత్తనం దాచేది ఆడవాళ్లయినా మన రైతువేదిక మీటింగులకు పిలుపు మాత్రం మగవాళ్లకే పోతుంది. సగం లెక్క తెలిసిన మనిషిని వదిలేసి మాట్లాడితే పూర్తి జవాబు ఎట్లా వస్తుంది?

జనగామ జిల్లా ఏనబావి, పాల్వంచ దగ్గర పునుకుల కూడా చెప్పేది ఇదే. పురుగుమందుల ఉద్దెరలో కూరుకున్న పునుకులలో ఒక్కొక్క రైతు విడిగా బయటపడలేకపోయాడు. 2000ల మొదట్లో ఆడవాళ్ల సంఘాలు, పంచాయతీ కలిసి ఊరంతా ఒక మాట మీద నిలబడితేనే దారి దొరికింది. ఏనబావి కూడా అదే దశాబ్దంలో ఊరంతా కలిసే రసాయనాలు మానింది. పక్కోడు తనతోపాటు దిగుతున్నాడన్న ధైర్యం ఏ కరపత్రమూ ఇవ్వలేనిది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి సేద్యం కార్యక్రమంలో కూడా, చేసి చూపిన రైతే తోటి రైతుకు నేర్పే పద్ధతికి పెద్దపీట వేశారు.

ఒక ప్రశ్న మమ్మల్ని అడగవచ్చు. సొంత భూమి, బోరు, చేతిలో పైసలు అన్నీ ఉన్న రైతులు కూడా గడ్డి కాలబెడుతున్నారు, బస్తాల మీద బస్తాలు చల్లుతున్నారు కదా, వాళ్ల సంగతేంటి? నిజమే. వాళ్లను వెనకేసుకు రావడం మా పని కాదు. కానీ అక్కడ కూడా లెక్క చూడాలి. హార్వెస్టర్ కోసినాక మిగిలిన గడ్డిని మెయ్యడానికి పశువు లేదు, తీయడానికి మనిషి లేడు, రెండో పంటకు టైం లేదు. అగ్గిపుల్ల ఒక్కటే అగ్గువ. పైగా సర్కారు గట్టిగా కొనేది వడ్లనే. 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా ఇచ్చింది. రైతుకు అది మేలే. కానీ కందికి, జొన్నకు, పెసరకు అంతే గట్టి కొనుగోలు లేనప్పుడు పంట మార్చు, నేల బాగుపడుతుంది అన్న సలహాకు విలువ ఉండదు. ఇక పట్నం చుట్టూ ఉన్న భూములను రేపు ప్లాట్లవుతాయని ఎదురుచూసే యజమాని మట్టికి పైసా పెట్టడు. అది కూడా లెక్కే.

మేం అడిగేది ఇది

మొదటిది, నేల కోసం ఇచ్చే ఏ సాయమైనా దున్నే మనిషికే అందాలి. పట్టా హక్కుకు ఢోకా లేకుండా, కనీసం మూడేళ్ల కౌలు కాగితం మీదికి రావాలి. మూడేళ్లు తనదే అనుకున్నవాడు పెంట వేస్తాడు.

రెండవది, పెంటకు, చెరువు మట్టికి, మంద కట్టించడానికి ఎకరం లెక్కన సాయం రోహిణి కార్తెకు ముందే చేతికి రావాలి. బస్తాకు సబ్సిడీ ఉన్నప్పుడు బండికి ఎందుకు ఉండకూడదు?

మూడవది, కొత్త పద్ధతిని అరెకరంలో చేసి చూసే రైతుకు మొదటి ఏడు పంట తగ్గితే ఆ నష్టం సర్కారు భరించాలి. పరీక్ష ఖర్చు పేదవాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

నాలుగవది, జీలుగ, జనుము విత్తనం వానకు ముందు రావాలి, వాన పడ్డాక కాదు. పూత దశలో కలియదున్నడానికి నెలన్నర పడుతుంది. ఆలస్యంగా వచ్చిన విత్తనం నాట్లను వెనక్కి తోస్తుంది. భూసార నమూనా ఎవరి చేనుది వాళ్లకే తీయాలి. ఫలితం చెప్పే రోజున జింకు, బోరాన్ సొసైటీలో ఉండాలి.

ఐదవది, కంది, పెసర, జొన్నను వడ్ల లాగే కొనాలి. కొనేవాడు ఉంటే పంట మారుతుంది. పంట మారితే నేల మారుతుంది.

వీటిలో ఏదీ అడగరాని కోరిక కాదు. నీళ్ల కోసం కొట్లాడిన జనం మనం. ఆ నీళ్లు పట్టి ఉంచే మట్టి చచ్చిపోతే కాలువలు పారినా లాభం లేదు. సార్లు ఈసారి రైతువేదికకు వచ్చేటప్పుడు ఉపన్యాసం కాగితం ఇంట్లో పెట్టి రండి. ఒక ఖాళీ నోటుబుక్కు తెచ్చుకోండి. రైతు చెబుతాడు, ఆడమనిషి చెబుతుంది, కౌలుదారు చెబుతాడు. మీరు రాసుకోండి.